లైసెన్సు టెస్టు పాసైతే నడపడం వచ్చినట్టేనా? కొత్త డ్రైవర్‌కి ముందుగా ఏం నేర్పాలి

మియాపూర్ నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి 19 ఏళ్లు. కారుకి ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్సు) వచ్చి వారమైంది. 30 రోజులు నిండగానే పర్మనెంట్ లైసెన్సుకి స్లాట్ బుక్ చేద్దామనుకుంటున్నాం. డ్రైవింగ్ స్కూల్లో క్లచ్, గేర్లు, హెచ్ ఆకారపు ట్రాక్‌లో రివర్స్, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించడం నేర్పిస్తున్నారు. ట్రాక్ మీద పాసవుతుంది, అందులో నాకు అనుమానం లేదు. నా దిగులంతా ఆ తర్వాతి రోజు గురించే. కాలేజీ గండిమైసమ్మ వైపు, రోజూ బాచుపల్లి మీదుగా పోవాలి. ప్రాణాల మీదికి తెచ్చే తప్పులేవి, అవి రాకుండా ఏ అలవాట్లు ముందే పట్టించాలి, నేనెన్ని గంటలు పక్కన కూర్చోవాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

స్టీరింగ్ ఉప్పల్:
అన్నా, ముందు గంటల లెక్క చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 31వ నిబంధన ప్రకారం సొంత కారు నేర్చుకునేవాళ్లకి శిక్షణ 21 రోజులకి తగ్గకూడదు, స్టీరింగ్ పట్టి నడిపే సమయం 10 గంటలకి తగ్గకూడదు. రోజుకి అరగంట క్లాసంటే దాదాపు ఆ 10 గంటలే. సిగ్నళ్ల దగ్గర నిలబడ్డ సమయం తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో 21 ఏళ్లలోపు పిల్లలు రాత్రి డ్రైవింగుతో కలిపి 120 గంటలు పెద్దవాళ్ల పక్కన నడిపినట్టు లాగ్‌బుక్ చూపిస్తేనే టెస్టుకి రానిస్తారు. మనం కనీసం 50 గంటలైనా పెట్టుకోవాలి.

అందుకే 30వ రోజుకే స్లాట్ అని తొందరపడకండి. ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది. మూడు నాలుగు నెలలు మీరు పక్కన కూర్చోండి. ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి. మీకు లైసెన్సు ఉండాలి, చెయ్యి హ్యాండ్‌బ్రేకుకి అందాలి.

రోడ్లు ఈ వరసలో ఎంచుకోండి. మొదటి 8 గంటలు పొద్దున ఆరింటికి కాలనీ రోడ్లు. తర్వాత 10 గంటలు ఆదివారం పొద్దున మెయిన్ రోడ్డు. ఆ తర్వాత మధ్యాహ్నం మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రో కింద రోడ్డు, యూటర్నులతో సహా. అది కుదిరాక సాయంత్రం ఆరింటి రద్దీ, చివరికి రాత్రి, వాన. ఒక రోజు ఒక్క కొత్త కష్టమే. రాత్రీ వానా ఒకేసారి మొదలుపెడితే ఏదీ ఒంటబట్టదు.

పక్కన కూర్చున్నప్పుడు "బ్రేక్, బ్రేక్" అని అరవకండి. చూసింది పైకి చెప్తూ నడపమనండి. ఇలా ఉంటుంది: "ముందు ఆర్టీసీ బస్సు, స్టాప్ దగ్గర పడుతోంది, ఆగుతుంది. దాని ముందు నుంచి ఎవరైనా దాటొచ్చు. గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలేశా, కాలు బ్రేక్ మీద. కుడి అద్దంలో బైకు వస్తోంది, పోనిచ్చి అప్పుడు తిప్పుతా." పది నిమిషాలు చాలు, అలిసిపోతారు. ఏది చెప్పలేదో అది చూడలేదన్నమాట, మీకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. నోరు ఆగి, కారు వేగం తగ్గకపోతే ఆమె కళ్లు బానెట్ ముందు పది మీటర్ల దగ్గరే ఉన్నాయని అర్థం. "అల్లంత దూరంలో ఆ ఆటో ఏం చేస్తోంది" అని అడగండి, చూపు దానంతటదే పైకి లేస్తుంది.

బ్రేకు లెక్క:
పైన రాసిందంతా ఒప్పుకుంటాను. దానికి నేను ఒక్క లెక్క జోడిస్తాను, పిల్లలకి కాగితం మీద వేయించి చూపించండి. గంటకి 60 కి.మీ. అంటే సెకనుకి 16.7 మీటర్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీద పడేసరికి మామూలు మనిషికి ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 25 మీటర్లు పోయాం. పొడి తారు మీద గట్టిగా తొక్కితే ఇంకో 20 మీటర్లు. మొత్తం 45.

అదే 40లో అయితే ఆలోచనకి 17, బ్రేకుకి 9, మొత్తం 26 మీటర్లు.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. 26 మీటర్ల దూరంలో డివైడర్ మీంచి ఒక పిల్లాడు దిగాడు. 40లో వస్తున్న కారు వాడి ముందు ఆగిపోతుంది. 60లో వస్తున్న కారు అక్కడికి చేరేసరికి డ్రైవర్ కాలు అప్పుడే బ్రేకు మీద పడుతుంది, అంటే దాదాపు 60లోనే గుద్దుతుంది. "కొంచెం గట్టిగా తగిలింది" అనే తేడా కాదిది. ఒకచోట తగలనే లేదు, రెండోచోట మనిషి బతకడం కష్టం.

తడి రోడ్డు మీద ఆ 20 మీటర్లు కాస్తా 35 అవుతుంది. తొలకరి మొదటి పావుగంట మరీ చెడ్డది. నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ నీళ్లతో కలిసి జారుతుంది.

కేంద్ర రవాణా శాఖ 2022 నివేదికలో మన దేశంలో రోడ్డు మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోవే. కాలనీ రోడ్డు మీద 30 దాటకపోవడం ఒక్కటి అలవాటైతే మిగతావి నేర్పడం తేలిక.

ముందు బండికి దూరం కొలవడానికి మన దగ్గర మంచి గుర్తులున్నాయి, మెట్రో పిల్లర్లు. ముందు కారు వెనక బంపర్ ఒక పిల్లర్ దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు" అని లెక్కపెట్టాలి. మూడు పూర్తికాకముందే మీరా పిల్లర్ దగ్గరికి వచ్చేస్తే దగ్గరగా ఉన్నట్టు. వానలో ఐదు దాకా లెక్కపెట్టండి.

సైనిక్‌పురి రవి:
మూడు సెకన్లు వదిలితే మధ్యలో ఇద్దరు దూరతారండీ. మళ్లీ వదిలితే ఇంకో ఇద్దరు. ఇది హైదరాబాద్.

బ్రేకు లెక్క:
దూరనివ్వండి రవి గారూ. ఒక బండి దూరినప్పుడల్లా మీరు వెనక్కి తగ్గేది మూడు సెకన్లే. పది బండ్లు దూరితే అరనిమిషం ఆలస్యం. వెనకవాడు హారన్ కొడుతూ అంటుకుని వస్తుంటే ముందు ఖాళీ ఇంకా పెంచాలి. ఎందుకంటే ఇప్పుడు అతని బ్రేకు కూడా మీరే చూసుకోవాలి. ముందు ఖాళీ ఉంటే మెల్లగా ఆగొచ్చు, అతనికీ సమయం దొరుకుతుంది. కుదరగానే ఎడమకి తప్పుకుని దారివ్వండి.

లెక్కల మేడం:
నాదొక గట్టి అభ్యంతరం. "నేర్పితే చాలు, చావులు తగ్గుతాయి" అనే మాటకి పరిశోధన మద్దతు లేదు. లైసెన్సు వచ్చాక ఇచ్చే డ్రైవర్ శిక్షణ మీద కాక్రేన్ సమీక్ష ఉంది, అంటే అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచి చూసిన నివేదిక. ఆ క్లాసుల వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి అందులో ఆధారం దొరకలేదు. నార్వేలో జారే రోడ్డు మీద కారుని అదుపు చేయడం నేర్పిస్తే కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గలేదు సరికదా పెరిగాయి. కారణం సులువే, "నాకొచ్చు" అనే ధీమా నైపుణ్యం కంటే వేగంగా పెరుగుతుంది.

ఫలితం ఇచ్చింది వేరే. న్యూజిలాండ్ 1987లో మెట్లు మెట్లుగా లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో రాత్రివేళ ఒంటరిగా నడపకూడదు, స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. అనుభవం వచ్చేకొద్దీ ఆంక్షలు సడలిస్తారు. బ్రిటన్ 2002లో వీడియో చూపించి రాబోయే ప్రమాదాన్ని ఎంత ముందు పసిగడతారో చూసే పరీక్ష పెట్టింది. మనకి ఆ ఏర్పాటు లేదు కాబట్టి ఇంట్లోనే పెట్టుకోవాలి.

లైసెన్సు వచ్చిన మొదటి 6 నెలలు రాత్రి 10 తర్వాత ఒంటరిగా వద్దు. స్నేహితులు ఒక్కరికి మించి వద్దు. కుర్రాళ్ల కారులో తోటివాళ్లు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుందని ఎన్నో దేశాల్లో తేలింది. ఫోన్ వెనక సీట్లో బ్యాగులో ఉండాలి, డ్యాష్‌బోర్డు మీద కాదు. 50లో వెళ్తూ 3 సెకన్లు స్క్రీన్ చూస్తే 42 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మ్యాప్ కదలకముందే పెట్టుకుని మాట వినాలి. ఈ షరతులు ముందే మాట్లాడుకోండి. తాళాలిచ్చాక పెడితే అది గొడవే అవుతుంది.

స్టీరింగ్ ఉప్పల్:
మేడం చెప్పింది నిజమే, ఒకరోజు క్లాసు పెట్టి సర్టిఫికెట్ ఇస్తే ఏమీ మారదు. నేనంటున్నది వేరే. పక్కన పెద్దవాళ్లుండి గంటల తరబడి అదే పని చేయించడం. అద్దం చూడకుండా లేన్ మారితే వెనక్కి వచ్చి మళ్లీ చేయించాలి. ఇరవై సార్లయ్యాక మెడ దానంతటదే తిరుగుతుంది. పాఠం మర్చిపోయినా ఈ అలవాటు పోదు.

పిలియన్ హెల్మెట్:
కారు ముచ్చట మంచిగనే ఉంది గానీ, ఎక్కువ పోతున్నది టూవీలర్లోళ్లే కదనే. 2022 లెక్కల్ల చచ్చిపోయినోళ్లల్ల 44.5 శాతం టూవీలర్ల మీదున్నోళ్లే. హెల్మెట్ లేక పోయినోళ్లు 50 వేల పైన, అండ్ల 14 వేలకి ఎక్కువ ఎన్క కూసున్నోళ్లు. ఎన్క కూసున్నోళ్లకి కూడా హెల్మెట్ పెట్టాలె.

హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్కు, దాని దగ్గర్నే 4151 అని నంబరు చూడుర్రి. గుర్తొక్కటే చూస్తే సరిపోదు, నెత్తికి సరిగ్గ పట్టాలె. పెట్టుకుని అటూ ఇటూ తిప్పితే చెంపల తోలు హెల్మెట్‌తోని కలిసి కదలాలె. స్ట్రాప్ కింద రెండు వేళ్లు పట్టాలె, అంతకెక్కువ వద్దు. ఎన్క నుంచి పైకి లేపి ముందరికి తోస్తే ఊడి రావొద్దు. ఊడితే అది టోపీ లెక్కనే. లోపల థర్మాకోల్ లెక్క ఉండేది ఒక్క దెబ్బకే పని చేస్తది, నలిగి దెబ్బని మింగుతది. ఒక్కసారి గట్టిగ పడితే పైన గీత కూడ లేకున్నా మార్చుడే.

బ్రేకు ముచ్చట: మనోళ్లు చానామంది ఎన్క బ్రేకు మీదనే ఆధారపడతరు. బ్రేకు వేస్తే బరువు ముందరికొస్తది, ఆపే బలం సగానికి ఎక్కువ ముందటి చక్రానిదే. ముందుగాల మెల్లగ పిండి, బరువు ముందరికొచ్చినాక గట్టిగ పిండాలె. ఒక్కసారే గుంజితే ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండ చూసే ఏర్పాటు) లేని బండి జారుతది. ఖాళీ జాగల 30లో పదిసార్లు చేసి చూడుర్రి. మలుపుల, ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగ వద్దు, మలుపుకి ముందే స్పీడు తగ్గించుకోవాలె.

పెద్దబండి:
బైకులవాళ్లకీ కొత్త కారు డ్రైవర్లకీ ఒక విషయం. బస్సు, లారీ డ్రైవర్ కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు. ఎడమ ముందు మూల, ఎడమ తలుపు కిందిభాగం, సరిగ్గా వెనక, ఈ మూడు చోట్లా ఏముందో అతనికి కనబడదు. సిగ్నల్ దగ్గర ఫుట్‌పాత్‌కీ బస్సుకీ మధ్య సందులోంచి ముందుకి దూరే బైకు సరిగ్గా ఆ చీకట్లోకే వెళ్తుంది. బస్సు ఎడమకి తిరిగితే వెనక చక్రం ముందు చక్రం వెళ్లిన దారిలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. బస్సు ముందు కొంచెం కుడికి వెళ్తుంటే "నాకు దారిస్తున్నాడు" అనుకోవద్దు, ఎడమకి తిరగడానికే అలా పోతాడు.

గుర్తుపెట్టుకోవడానికి తేలిక: అతని అద్దంలో అతని మొహం మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడట్లేదు. టిప్పర్ పక్కన ఉండిపోకండి. పూర్తిగా వెనకే ఉండండి, లేదంటే ఖాళీ చూసి ఒక్కసారిగా దాటేయండి.

యూటర్నులు చెప్తాను. మన సిటీలో కూడళ్లు మూసి యూటర్నులు పెట్టారు. ఎడమ లేన్‌లో ఉన్న ఆటో యూటర్ను కనబడగానే మూడు లేన్లు అడ్డంగా కోస్తుంది. యూటర్ను బోర్డు కనబడితే గ్యాస్ వదిలేసి ఎడమ అద్దం చూడటం అలవాటు చేయండి. మీరు తిరిగేవాళ్లయితే 200 మీటర్ల ముందే కుడి లేన్‌కి రండి. తిరగబోయే చోట మెట్రో పిల్లర్ ఉంటే దాని వెనక మనిషీ బైకూ రెండూ దాక్కుంటాయి. తల ముందుకీ వెనక్కీ జరిపి చూడాలి, ఒకే కోణంలో చూస్తే చాలదు. దాటిపోయిందా, తర్వాతి యూటర్ను దాకా వెళ్లండి. రాంగ్ రూట్లో నూరు మీటర్లు వెనక్కొస్తే, రోడ్డు దాటేవాళ్లెవరూ ఆ వైపు చూడరు.

ఎమర్జెన్సీ వార్డు:
సీటు బెల్టు గురించి ఎవరూ రాయలేదు. వెనక సీట్లో బెల్టు లేని మనిషి గుద్దుకున్నప్పుడు కారు వేగంతోనే ముందుకి వస్తాడు. ముందు సీటుని తోసి, బెల్టు పెట్టుకున్న మనిషిని కూడా నలిపేస్తాడు. 2022లో బెల్టు లేక పోయిన 16,715 మందిలో దాదాపు సగం మంది ప్రయాణికులే, డ్రైవర్లు కాదు. కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకీ అంతే, పొట్ట కిందుగా. పై పట్టీ భుజం మధ్యలోంచి పోవాలి, చంక కింద నుంచి వద్దు, పక్కటెముకలు విరుగుతాయి. ఒళ్లో పసిబిడ్డని పట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదం. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే బిడ్డే మధ్యలో ఉంటుంది.

మందు గురించి కూడా. చట్టం చెప్పే హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఒంట్లోంచి గంటకి సుమారు 15 మి.గ్రా. మాత్రమే దిగుతుంది. రాత్రి 12కి 150 ఉంటే పొద్దున 6కి ఇంకా 60, అంటే హద్దుకి రెండింతలు. నిమ్మకాయ, మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం ఏవీ దాన్ని తొందరగా దించలేవు. "పడుకుని లేచాను" అనేది లెక్కలోకి రాదు.

ఎదుట ప్రమాదం జరిగితే: ముందు మీ కారు హజార్డ్ లైట్లు వేసి పక్కన ఆపండి, 108కి ఫోన్ చేయండి. పిల్లర్ నంబరు చెప్తే అంబులెన్సుకి చోటు వెంటనే తెలుస్తుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, తీసి తీసి చూడకండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగొద్దు, మెడ కదపొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. చట్టంలో 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లని కాపాడుతుంది, పేరూ నంబరూ చెప్పి తీరాలని మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. భయపడి ముందుకి వెళ్లిపోకండి, దయచేసి.

మియాపూర్ నాన్న:
అందరికీ చాలా థాంక్స్. మూడు నెలలు ఆగి టెస్టుకి పంపుతాను. ఇంకో రెండు సందేహాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎప్పుడు తీసుకెళ్లాలి? రెండు, మా చిన్నోడికి 16, ట్యూషన్‌కి 110 సీసీ స్కూటర్ అడుగుతున్నాడు. వీధి చివరిదాకే కదా అంటున్నాడు.

లెక్కల మేడం:
రెండోదానికి నేను చెప్తాను. 16 ఏళ్లకి గేర్లు లేని 50 సీసీ దాకా బండికే లైసెన్సు. 110 సీసీకి 18 నిండాలి. మైనర్ పట్టుబడితే 199ఎ సెక్షన్ కింద తండ్రికి 25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. సైకిల్ కొనివ్వండి, దానికీ హెల్మెట్ పెట్టించండి.

158 కిలోమీటర్లు:
ఔటర్ గురించి. నగరంలో 40 గంటలయ్యాక, ఆదివారం పొద్దున వెలుతురులో. కుడివైపు రెండు లేన్లు 120 దాకా, ఎడమవైపు రెండు లేన్లు 80 దాకా. మొదటి నెల కుడి నుంచి మూడో లేన్‌లో 80 మించకుండా చాలు. ర్యాంప్ మీంచి ఎక్కేటప్పుడు చివర్లో ఆగిపోకూడదు. అక్కడే వేగం పెంచి, అద్దం, భుజం మీంచి చూపు, ఇండికేటర్, అప్పుడు లోపలికి. ఎగ్జిట్ దాటిపోతే తర్వాతి ఎగ్జిట్‌కి వెళ్లాలి, ఒక్క మీటరు కూడా రివర్స్ వద్దు.

బయల్దేరే ముందు టైర్లు. చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కగోడ వంగి వంగి వేడెక్కుతుంది, ఎండాకాలం వేగంలో పగిలేది ఎక్కువగా అందుకే. గాడి లోతు 1.6 మి.మీ. చట్టం చెప్పిన కనీసం, వానకి 3 ఉంటే మంచిది. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైంది. టైరు పగిలితే బ్రేకు తొక్కొద్దు. స్టీరింగ్ రెండు చేతులా తిన్నగా పట్టి, గ్యాస్ మెల్లగా వదిలి, దానంతట అది నెమ్మదించాక ఎడమకి.

బండి ఆగిపోతే ఎడమ తలుపులోంచి అందరూ దిగి రెయిలింగు అవతలికి పోవాలి. కారులో కూర్చుని మెకానిక్ కోసం ఎదురుచూడటం, కారు వెనక నిలబడటం, రెండూ ప్రాణాంతకం. ట్రయాంగిల్ రెయిలింగు అవతలి నుంచే నడిచి వెళ్లి 100 మీటర్ల వెనక పెట్టండి.

నిద్ర గురించి ఒక్క మాట. తెల్లారుజామున 2 నుంచి 5 మధ్య ఒళ్లే పడుకోమంటుంది, ఏసీ పెంచినా పాటలు పెట్టినా ఆగదు. గత రెండు కిలోమీటర్లు గుర్తులేకపోతే అప్పటికే కునుకు తీశారన్నమాట. ఆపి, కాఫీ తాగి 20 నిమిషాలు పడుకోవాలి, కాఫీ పనిచేయడానికీ అంతే సమయం పడుతుంది.

స్టీరింగ్ ఉప్పల్:
చివరగా అద్దాలు, ఇవి తప్పుంటే పైన చెప్పినవన్నీ సగమే పనిచేస్తాయి. ముందు సీటు సరిచేసుకోవాలి. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకి తగలాలి. ఛాతీకీ స్టీరింగుకీ మధ్య కనీసం 25 సెం.మీ. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగంతో సమానంగా.

ఇప్పుడు తల కుడి కిటికీకి ఆనించి, కుడి అద్దంలో మన కారు అంచు గీతలా కనబడేదాకా బయటికి తిప్పాలి. తల కారు మధ్యకి తెచ్చి ఎడమ అద్దం కూడా అలాగే. మామూలుగా కూర్చుంటే మన కారు అద్దాల్లో కనబడదు, అదే కావాలి. పరీక్ష: వెనక నుంచి వచ్చే బైకు లోపలి అద్దంలోంచి పోకముందే పక్క అద్దంలోకి రావాలి, పక్క అద్దంలోంచి పోకముందే కంటి చివర కనబడాలి. మధ్యలో ఎక్కడైనా మాయమైతే ఇంకొంచెం తిప్పండి.

దిగేటప్పుడు కుడి తలుపుని ఎడమ చేత్తో తీయమనండి. ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే బైకు కళ్లబడుతుంది.

మియాపూర్ నాన్న:
అద్దాలు ఇప్పుడే కింద పార్కింగులో సరిచేయించాను. అమ్మాయి అద్దాల్లో ఇన్నాళ్లూ సగం మా తలుపులే కనబడుతున్నాయి. రేపు ఆదివారం పొద్దున ఆరింటికి మొదలు. లాగ్‌బుక్ కోసం 200 పేజీల నోట్‌బుక్ తెచ్చాను: తేదీ, రోడ్డు, ఎన్ని నిమిషాలు, ఏం చూడలేదు.